గోడ మీది ఫొటోలో ఇద్దరు అవ్వలు

మన పాత ఇండ్లు కొన్నింట్లో గోడ మీద ఒక ఫొటో ఉంటుంది. తాతకు రెండు పక్కలా ఇద్దరు అవ్వలు. పెద్దామెకు బిడ్డలు లేరని చిన్నామెను తెచ్చినారు, కొన్నిసార్లు సొంత చెల్లెలినే. అప్పట్లో చట్టం అడ్డు లేదు. ఒక్కరితోనే ఉండాలనే కట్టు ఆడవారికే గాని మగవారికి లేదు.

హిందూ మగవారికి ఆ కట్టు వేసింది బొంబాయిలో 1946 చట్టం, మన మద్రాసులో 1949 చట్టం. 1955 మే 18న హిందూ వివాహ చట్టం దేశానికంతా వచ్చింది. అయినా సందు మిగిలింది. మహారాష్ట్ర కేసు ఒకదానిలో 1965లో సుప్రీంకోర్టు, హోమం, సప్తపది వంటి తంతు జరిగిన రుజువు లేదని, రెండో పెండ్లి చేసుకున్న మనిషిని విడిచిపెట్టింది.

రైల్వేలో ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు చూసిన మాకు దీని ఫలితం తెలుసు. ఆయన పోయినాక ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి బెంచీ మీద దూరదూరంగా కూర్చునేవారు. మొదటి భార్య ఉండగా జరిగిన పెండ్లి చెల్లదమ్మా, నీకు పెన్షన్ రాదు అని రెండో ఆమెకు మేమే చెప్పాల్సి వచ్చేది. ఆమె పిల్లలను మాత్రం 1976 సవరణ సక్రమ సంతానమే అన్నది. తప్పు చేసినాయన వెళ్ళిపోయినాడు, శిక్ష ఆమెకు పడింది.

కాబట్టి సంబంధం చూసేటప్పుడు జాతకంతో పాటు, ముందే పెండ్లి అయిందా, అయితే విడాకుల తీర్పు ఉందా అని అడుగుదాం. అడిగితే మర్యాద పోదు.