కోనసీమ ప్రభలతీర్థము: దేవతలును గ్రామసంఘమును

మతమును గూర్చి విచారించువారు సాధారణముగా రెండు ప్రశ్నల నడుగుదురు. దైవ మున్నదా? ఉన్నచో నాతని స్వరూప మెట్టిది? ఈ రెండును వేదాంతులు తేల్చవలసినవి. చరిత్రకారు డడుగవలసిన మూడవ ప్రశ్న యొకటి కలదు: ఒక దేవుని గొలుచుటచే, గొలిచినవారిలో వారికి నెట్టి సంబంధ మేర్పడినది? గుడికి గోడ గట్టినపుడు లోపల నెవరు నిలిచిరి, వెలుపల నెవరు మిగిలిరి? ఈ వ్యాసమున నా మూడవ ప్రశ్నను మాత్రమే తీసికొని, కోనసీమలో నేటికిని జరుగుచున్న ప్రభలతీర్థమును బరిశీలింతము.

పాశ్చాత్యులలో నీ విచారమునకు దారి చూపినవారిలో ఫ్రెంచి చరిత్రకారుడు ఫూస్తెల్ ద కులాంజ్ ముఖ్యుడు. ఆతడు 1864లో ప్రకటించిన “ప్రాచీన నగరము” అను గ్రంథమున గ్రీకు రోమను నగరములు తొలుత నొకే వేల్పును గొలుచు కుటుంబముల కూటములని నిరూపింప బూనెను. ఆతని శిష్యుడు ఎమిల్ దుర్ఖైమ్ 1912లో ఆస్ట్రేలియా ఆదిమజాతుల యాచారములను విమర్శించి, ఒక గణము తన యైక్యమునే పవిత్రచిహ్నముగా జేసికొని పూజించునని సిద్ధాంతీకరించెను. జనులు విడివిడిగా నున్నపు డెఱుగని యుత్సాహము, గుంపుగూడినపుడు వారి నావహించుననియు, ఆ యుత్సాహమునుండియే దైవభావము బలము పొందుననియు నాతని మతము. ఈ సిద్ధాంతము మన దేశమున నెంతవఱకు నిలుచునో చూడవలెనన్న మన తీర్థములకంటె దగిన పరీక్షాస్థలము లేదు.

గౌతమీ వసిష్ఠల నడుమ నుండి, వైనతేయ పాయచే మరల జీలిన లంకభూమి కోనసీమ. అందు అంబాజీపేట మండలములోని మొసలపల్లియందు జగ్గన్నతోట యను నొక కొబ్బరితోట కలదు. పెద్దాపుర సంస్థానాధిపతులగు వత్సవాయి వంశమువారిలో జగన్నాథరాజు పేర దాని కా పేరు వచ్చినదని వాడుక. అందు గుడి లేదు, గోపురము లేదు. ఏటేట కనుమనాడు మాత్రము పదునొకండు గ్రామముల శివు లచటికి ప్రభలపై వేంచేయుదురు. నాలుగువందల యేండ్లుగా నీ తీర్థము సాగుచున్నదని యచటివారి నమ్మకము.

వచ్చు దేవతలను బేర్కొనుట యవసరము, ఏలయన నీ పేరులలోనే చరిత్ర కొంత దాగియున్నది. వ్యాఘ్రేశ్వరమునుండి వ్యాఘ్రేశ్వరుడు, పుల్లేటికుర్రునుండి అభినవవ్యాఘ్రేశ్వరుడు, మొసలపల్లినుండి మధుమానంతభోగేశ్వరుడు, ఇరుసుమండనుండి ఆనందరామేశ్వరుడు, వక్కలంకనుండి విశ్వేశ్వరుడు, ముక్కామలనుండి రాఘవేశ్వరుడు, పెదపూడినుండి మేనకేశ్వరుడు, గంగలకుర్రు అగ్రహారమునుండి వీరేశ్వరుడు వత్తురు. గంగలకుర్రు, నేదునూరు, పాలగుమ్మి యను మూడూళ్లనుండియు జెన్నమల్లేశ్వరుడే వచ్చును.

శాస్త్రదృష్టిచే జూచిన శివు డొక్కడే. ఈ తోటలో మాత్రము ఒకే పేరు గల చెన్నమల్లేశ్వరులు మువ్వురు మూడు ప్రభలపై వేర్వేఱుగా గూర్చుండుదురు. వారిని వేఱుపఱచున దేది? రూపము కాదు, పేరు కాదు, పూజావిధానము కాదు, ఊరు మాత్రమే. అట్లే పుల్లేటికుర్రు దేవుని పేరునందలి “అభినవ” శబ్దము, ఆతనికంటె ముందొక వ్యాఘ్రేశ్వరుడు కలడని తానే చాటుచున్నది. ఒక యూరి దేవుని పేరు మఱియొక యూరికి బోయి, అచట గ్రొత్తదనమును సూచించు విశేషణమును దాల్చినది. దేవుడు గ్రామమునకు బ్రతినిధి యనుటకు నింతకంటె స్పష్టమైన సాక్ష్య మక్కఱలేదు.

సభామర్యాద యింకను గమనింపదగినది. తోట మొసలపల్లిది గావున భోగేశ్వరుడు గృహస్థు. ఆతడు ముందుగా వచ్చి యతిథుల నెదుర్కొనును. అధ్యక్షస్థానము వ్యాఘ్రేశ్వరునిది. ఆ ప్రభ తోటలో బ్రవేశింపగనే మిగిలిన ప్రభల నన్నిటిని నొకమాఱు పైకెత్తి గౌరవము చూపుదురు. లోకక్షేమమును గూర్చి రుద్రులు పదునొకండుగురు నాలోచన చేయుదురని జనుల విశ్వాసము. ఊరిపెద్దలు చావడియందు గూడి చేయు పని యేదియో దానినే దేవతలు తోటలో జేయుచున్నారు. తన సంఘవ్యవస్థ నెఱిగిన జనులు దైవసభను సయిత మా యచ్చునందే పోసికొనిరి.

ప్రభ యనగా వెదురుబొంగులతోను గొయ్యపట్టెలతోను వంచి కట్టిన పెద్ద కమాను. దానిపై రంగురంగుల క్రొత్తగుడ్డలు చుట్టి, గంటలును బూలదండలును గట్టి, నడుమ నుత్సవమూర్తి నుంచుదురు. దానిని బండిపై నెక్కింపరు. మనుష్యుల భుజములే వాహనము. “అశ్శరభ శరభ” యను కేకలతో బలుకులముల యువకు లొక్క యడుగుగా నడువనిచో నది యొరగిపోవును. దారిలో నడ్డముగా వరిచేలున్నను ద్రోవ మార్పరు. క్రొత్తగా నాటిన దాళ్వా పైరును ద్రొక్కుచునే పోవుదురు. చేనిగలవాడు వారింపకపోగా స్వామి తన పొలమున నడచెనని సంతసించును. గంగలకుర్రు ప్రభలు ఎగువ కౌశిక నీటిలో దిగి, మోయువారు మెడలోతు వఱకు మునుగుచు నావలియొడ్డు చేరుట చూచుటకే వేలకొలది జనులు గట్టులపై నిలుతురు. గట్టుతగవులకు దావాలు నడపు రైతులు గల సీమలో, ఒక్క దినము గట్టు గట్టు గాకపోవుట సామాన్యము కాదు. దుర్ఖైమ్ చెప్పిన సామూహికోత్సాహ మిచట గంటికి గనబడుచున్నది. అంతేకాదు, అది యాస్తిహక్కునే తాత్కాలికముగా నడచివేయుచున్నది.

పదునొకండను సంఖ్యయు నూరక వచ్చినది కాదు. ఏకాదశరుద్రుల ప్రసక్తి శ్రుతియందే కలదు. పదిప్రాణములును నాత్మయు రుద్రులని బృహదారణ్యకోపనిషత్తు వివరించుచున్నది. చెదరియున్న పదునొకండు గ్రామదేవాలయములు ఈ వైదికసంఖ్యలో నొదిగి యొక్క మండలముగా నేర్పడినవి. ఎం. ఎన్. శ్రీనివాస్ కొడగుసీమ మతాచారములపై 1952లో వెలువరించిన గ్రంథమున, స్థానికములగు నాచారములు దేశవ్యాప్తమైన సంస్కృతమతముతో నెట్లు జోడుపడునో చూపెను. జగ్గన్నతోట యందుకు గోదావరిసీమ యిచ్చు నుదాహరణము.

సముద్రతీరమున నంతర్వేదియందు నీ సంబంధమే బంధుత్వరూపమున గానవచ్చును. లక్ష్మీనృసింహస్వామి రథోత్సవమున, స్వామికి సోదరి యని చెప్పబడు గుఱ్ఱాలక్కకు జీరెసారెల నిత్తురు. పురాణదేవుడును గ్రామదేవతయు అన్నాచెల్లెండ్రయిరి. అచటి యిప్పటి యాలయమును 1823లో ముగించినవాడు అగ్నికులక్షత్రియుడగు కోపనాతి కృష్ణమ్మ. సముద్రమును నమ్ముకొన్న కులమువా డొకడు ధనమిచ్చి గుడి కట్టించి, తన వారికి సంఘమున నొక స్థానమును సంపాదించెను.

ఇంతవఱకు జెప్పినది కలుపుటను గూర్చి. కాని కలుపు రేఖయే విడదీయు రేఖ యగుననుట చరిత్రకారుడు మఱువరాదు. ఊరందఱిదని చెప్పిన గుడిలోనికి మాలమాదిగలకు తరతరములుగా బ్రవేశము లేదు. వారి కష్టముచే బండిన ధాన్యమే దేవునికి నైవేద్యమయ్యెను. వారు మాత్రము దూరముగా నిలిచిరి. సంఘము తన్ను దాను పూజించుకొనునని దుర్ఖైమ్ చెప్పినపుడు, ఆ సంఘమునందు లెక్కకు వచ్చిన వారెవరని యాతని నడుగవలసియున్నది. ఊరి యైక్యమునకు గుడి చిహ్నమైనచో, ఊరి కొలత గుడివాకిటితోనే ముగిసినది.

వెలుపల నిలిచినవారు చేతులు ముడుచుకొని యుండలేదు. 1836లో బౌడెన్, బీర్ అను నాంగ్ల మతబోధకులు వసిష్ఠ కావలియొడ్డున నరసాపురము చేరి, గోదావరి డెల్టాలో బనిచేయ నారంభించిరి. తరువాతి కాలమున నీ ప్రాంతపు దళితు లనేకులు క్రైస్తవులైరి. ప్రార్థనామందిరము వారికి ముందువరుసలో గూర్చుండుటకు జోటిచ్చినది. మఱికొందఱు వేఱుదారి బట్టిరి. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ యధ్యక్షత క్రింద జరిగిన సభలో ఆదిఆంధ్రు లను పేరు స్వీకరింపబడెను. రాజమహేంద్రవరవాసి కుసుమ ధర్మన్న తన కవిత్వముచే నల్లదొరతనమును నిలదీసెను. 1947లో మద్రాసు దేవాలయప్రవేశ శాసనమును, 1950లో అస్పృశ్యతను రద్దుచేసిన రాజ్యాంగమును వచ్చి చట్టరీత్యా వాకిలి తెఱచినవి.

పవిత్రచిహ్నముల బలము నేటికిని దగ్గలేదు. 2020 సెప్టెంబరులో నంతర్వేది రథము దగ్ధమైనపుడు రాష్ట్రమంతట నలజడి పుట్టెను. 2021లో గ్రొత్తరథము సిద్ధమయ్యెను. కఱ్ఱ కాలినది, కాని గాయము జనుల కయ్యెను. 2022 ఏప్రిలులో గోనసీమ ప్రత్యేకజిల్లా కాగా, దానికి డాక్టరు అంబేద్కరు పేరు చేర్చుటను గూర్చి మే 24వ తేదీన నమలాపురమున నిండ్లు తగులబెట్టునంతటి హింస చెలరేగెను. పేరు దేవుడు కాదు. అయినను ఊరిలో నెవరికెంత చోటను పాతప్రశ్నయే యా పేరు చుట్టును మరల లేచినది. చివరకు ఆ పేరే స్థిరపడెను. 2023లో ఢిల్లీ గణతంత్రదినోత్సవమున నాంధ్రప్రదేశ శకటముపై నీ ప్రభలతీర్థమే ప్రదర్శింపబడెను. పదునొకండూళ్ల గుఱుతు రాష్ట్రమునకు గుఱుతయ్యెను.

దీనిచే దేలిన దేమన: మతము సంఘమును గట్టు త్రాడనుట నిజము, ఆ త్రాడే కంచెయు నగుననుటయు నంతే నిజము. ప్రభ నిలుచుట మోయు భుజములచేతనే గాని దేవుని బరువుచే గాదు. కావున నే కొయ్యను ఏ వాడవారు పట్టుదురు, ఏ దారి నడుతురు, ఏ యింటిముందు నిలుపుదురు, ఏ వాడలోనికి బోవరు అను విషయములను ఊరూర విచారించి వ్రాసియుంచుట పరిశోధకుల విధి. శాసనములు రాజుల దానములను మాత్రమే చెప్పును. ఊరిలో నెవరికెంత చోటు కలదో కనుమనాటి దారి చెప్పును.