చెయ్యమన్న మాట, చెయ్యలేని కట్టు: వాట్సాప్ గోప్యతా హామీలపై ఒక పరిశీలన

వాట్సాప్‌ను 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ఫేస్‌బుక్ 2014 ఫిబ్రవరి 19న ప్రకటించింది. వాడేవాళ్లలో గుబులు మొదలైంది. నెల తిరక్కముందే వాట్సాప్ వ్యవస్థాపకుల్లో ఒకరైన జాన్ కూమ్ దానికి బహిరంగంగా జవాబు రాశాడు. తన బాల్యం సోవియట్ యూనియన్‌లో గడిచిందని, అక్కడ తల్లి ఫోన్లో మనసు విప్పి మాట్లాడటానికి జంకేదని, తమ కుటుంబం అమెరికాకు రావడానికి ఆ నిఘా భయం కూడా ఒక కారణమని చెప్పుకున్నాడు. కంపెనీ చేతులు మారినా గోప్యత విషయంలో ఏమీ మారదన్నాడు. ఆ మాటలో కపటం ఉందనడానికి ఆధారం లేదు. ఈ పరిశీలనకు ముడిసరుకు అదే: నిజాయితీగా ఇచ్చిన మాట రెండున్నరేళ్లకే ఎందుకు చెల్లకుండా పోయింది?

టెక్నాలజీ కంపెనీలను నమ్మవచ్చా అన్న చర్చ మన పత్రికల్లో తరచుగా యజమానుల మంచిచెడ్డల దగ్గరే తిరుగుతుంది. ఫలానా అధిపతి దురాశాపరుడు, ఫలానావాడు కాస్త నయం అంటూ తీర్పులు వెలువడతాయి. దీనివల్ల తేలేది తక్కువ. కంపెనీ ‘చెయ్యము’ అంటున్నదేమిటి, ‘చెయ్యలేము’ అంటున్నదేమిటి అని విడదీసి చూడటం మేలని ఈ వ్యాసం వాదన. మొదటిది యాజమాన్యం, రాబడి మార్గం మారగానే మారగలిగిన మాట. రెండోది వ్యవస్థ నిర్మాణంలోనే వేసిన కట్టు. ఈ రెంటినీ ఒకే కంపెనీ చరిత్రలో పక్కపక్కన చూపగలిగే ఉదాహరణ వాట్సాప్. మన దేశంలో దాన్ని 53 కోట్ల మంది వాడుతున్నారని 2021లో కేంద్ర ప్రభుత్వమే ప్రకటించింది.

మొదట మాట సంగతి. కొనుగోలు ఇంకా పూర్తికాకముందే, 2014 ఏప్రిల్‌లో, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రెండు కంపెనీలకూ లేఖ రాసింది. వాట్సాప్ అప్పటిదాకా ఇచ్చిన గోప్యతా హామీలను నిలబెట్టుకోవాలని, మార్చదలిస్తే వాడుకరుల స్పష్టమైన సమ్మతి తీసుకోవాలని అందులో ఉంది. యూరోపియన్ కమిషన్ ముందు ఫేస్‌బుక్ ఇంకో అడుగు ముందుకు వేసింది. రెండు సేవల ఖాతాలనూ నమ్మదగ్గ రీతిలో వాటంతటవే జతపరచడం సాంకేతికంగా సాధ్యం కాదని చెప్పింది. అంటే ‘చెయ్యము’ అనదగ్గ చోట ‘చెయ్యలేము’ అన్నది. 2016 ఆగస్టు 25న వచ్చిన కొత్త విధానం సరిగ్గా ఆ జతపరచడానికే దారి తెరిచింది. వాడుకరుల ఫోన్ నంబర్లు ఫేస్‌బుక్‌కు చేరతాయి. పాతవాళ్లు వద్దనుకుంటే చెప్పడానికి 30 రోజుల గడువు ఇచ్చారు, కొత్తగా చేరేవాళ్లకు అదీ లేదు. 2014లోనే ఆ సాధ్యత ఉందని, ఫేస్‌బుక్ సిబ్బందికి ఆ సంగతి తెలుసని తేల్చిన యూరోపియన్ కమిషన్ 2017 మేలో 11 కోట్ల యూరోల జరిమానా వేసింది. కొనుగోలు మాత్రం చెక్కుచెదరలేదు. వేల కోట్ల డాలర్ల బేరంలో అంత జరిమానాను కొనుగోలు ఖర్చుల్లో రాసుకోవచ్చు.

మరో వ్యవస్థాపకుడు బ్రయాన్ ఆక్టన్ 2017లో దాదాపు 85 కోట్ల డాలర్ల విలువైన వాటాలు వదులుకుని బయటికి నడిచాడు. రెండు సేవల సమాచారాన్ని కలపడం చాలా కష్టమని యూరప్ అధికారులకు ఎలా చెప్పాలో తనకు ముందే తర్ఫీదు ఇచ్చారని 2018లో ఫోర్బ్స్ పత్రికతో అన్నాడు. కూమ్ కూడా అదే ఏడాది వెళ్లిపోయాడు. ప్రకటనలంటే గిట్టని ఆ ఇద్దరూ కట్టిన యాప్‌లో ప్రకటనలు చూపబోతున్నట్టు 2025 జూన్‌లో కంపెనీ ప్రకటించింది. మాట ఇచ్చినవాళ్లు సంస్థలో లేరు. ఏడాదికి ఒక డాలరు చందాను 2016 జనవరిలోనే ఎత్తేశారు కాబట్టి ఆ పాత రాబడీ లేదు. మాటను నిలబెట్టే మనుషులూ, పోషించే డబ్బూ రెండూ పోయాక మిగిలింది విధాన పత్రమే. దాన్ని ఎప్పుడైనా సవరించుకునే హక్కు రాసినవాళ్లదే.

ఇక కట్టు సంగతి. 2016 ఏప్రిల్‌లో, అంటే ఆ విధానం మారడానికి నాలుగు నెలల ముందు, వాట్సాప్ తన వాడుకరులందరికీ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ అమర్చింది. సిగ్నల్ ప్రోటోకాల్ ఆధారంగా పనిచేసే ఈ పద్ధతిలో సందేశాన్ని విప్పే తాళంచెవులు పంపినవారి ఫోన్లోనూ అందుకున్నవారి ఫోన్లోనూ మాత్రమే ఉంటాయి. మధ్యలో ఉన్న సర్వర్‌కు దక్కేది అర్థంకాని అక్షరాల గుట్ట. యజమాని ఎవరైనా, రాబడి ఏ దారిన వచ్చినా, కొత్త సాఫ్ట్‌వేర్‌తో ఆ అమరికనే మార్చితే తప్ప సందేశం చదవడం కుదరదు. అలా మార్చినా స్వతంత్ర పరిశోధకుల కంట పడే అవకాశం ఎక్కువ. 2016 తర్వాత కంపెనీలో ఇన్ని మారినా ఈ ఒక్క హామీ నిలబడటానికి కారణం సౌజన్యం కంటే నిర్మాణమే.

అయితే ఈ కట్టు ఎక్కడిదాకా ఉందో కూడా చూడాలి. సందేశంలోని మాటలకు రక్ష ఉంది. ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎన్నిసార్లు పంపారు, ఏ గ్రూపుల్లో ఉన్నారు, ఏ ఫోన్ నుంచి, ఏ నెట్‌వర్క్ నుంచి అన్నదానికి అదే రక్ష లేదు. దీన్నే మెటాడేటా అంటారు. ఒక చిరుద్యోగి వారంలో నాలుగుసార్లు క్యాన్సర్ ఆసుపత్రి నంబరుకు, ఆ వెంటనే బీమా ఏజెంటుకు, అటుపైన వడ్డీ వ్యాపారికి మెసేజీలు పెట్టాడనుకుందాం. అతని ఇంటి పరిస్థితి గ్రహించడానికి అందులో ఒక్క అక్షరమైనా చదవనక్కర్లేదు. గూగుల్ డ్రైవ్‌లోనో ఐక్లౌడ్‌లోనో దాచుకునే బ్యాకప్‌లకు కూడా 2021 దాకా ఆ ఎన్‌క్రిప్షన్ లేదు. తర్వాత వచ్చినా, వాడుకరి తానే వెతికి ఆన్ చేసుకోవాలి.

మెటాడేటా పోగుపడటం సాంకేతిక అనివార్యమనే వాదన ఒకటి వినిపిస్తుంది. సిగ్నల్ యాప్ అనుభవం దాన్ని చాలావరకు కొట్టివేస్తుంది. 2016లో అమెరికాలో ఒక గ్రాండ్ జ్యూరీ సమాచారం కోరినప్పుడు సిగ్నల్ ఇవ్వగలిగినవి రెండే: ఖాతా తెరిచిన సమయం, చివరిసారి సర్వర్‌తో కలిసిన రోజు. మిగతాది దాచుకోలేదు కాబట్టి ఇవ్వడానికేమీ లేదు. సిగ్నల్‌ను నడిపేది లాభాపేక్ష లేని సంస్థ. దానికి ఆక్టన్ 5 కోట్ల డాలర్లు ఇచ్చాడు. అదే ప్రోటోకాల్‌ను వాడుతున్న రెండు సేవలు మెటాడేటా దగ్గర ఇంత దూరం జరిగాయంటే, ఆ తేడా గణితంలో లేదు, వ్యాపార లెక్కల్లో ఉంది.

వాట్సాప్‌ను కేవలం దోషిగా నిలబెడితే బొమ్మ సగమే. మన ప్రభుత్వం 2021 ఫిబ్రవరిలో తెచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం, కోర్టో అధికారులో ఆదేశిస్తే ఒక సందేశాన్ని మొదట పంపిన వ్యక్తిని పెద్ద మెసేజింగ్ సంస్థలు గుర్తించి చెప్పాలి. దీన్ని వాట్సాప్ అదే ఏడాది మేలో ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. ఎన్‌క్రిప్షన్‌ను ఛేదించమంటే ఈ దేశంలో సేవ నిలిచిపోతుందని దాని న్యాయవాది 2024 ఏప్రిల్‌లో కోర్టుకు చెప్పాడు. రాజ్యం ముందు గోప్యతకు కాపలా కాసే కంపెనీయే ప్రకటనల బల్ల దగ్గర అదే గోప్యతను బేరం పెడుతోంది. రెండు చోట్లా దాని ప్రవర్తన స్వప్రయోజనానికి సరిగ్గా సరిపోతుంది కాబట్టి ఇందులో వింతేమీ లేదు.

‘ఇష్టం లేకపోతే మానేయవచ్చు కదా’ అన్నది కంపెనీల ఆఖరి సమాధానం. 2021 జనవరిలో ఆ సమాధానం బరువు తేలిపోయింది. కొత్త షరతులకు ఫిబ్రవరి 8లోగా ఒప్పుకోవాలని వాట్సాప్ నోటీసు పెట్టింది, గగ్గోలు పుట్టాక మే 15కు జరిపింది. కొందరు సిగ్నల్‌కో టెలిగ్రామ్‌కో వెళ్లారు. చాలామంది అక్కడా ఖాతా తెరిచి ఇక్కడే ఉండిపోయారు. అపార్ట్‌మెంట్ సంఘం, పిల్లల బడి, ఆఫీసు, డల్లాస్‌లో ఉన్న కూతురు, అందరూ ఉన్నచోటు ఇదే. ఒక్కరు మానేస్తే నష్టపోయేది ఆ ఒక్కరే.

సమ్మతిలో ఇంకో లోపం ఉంది, దానిపై చర్చ తక్కువ. నా సమాచారానికి సమ్మతి నేనే ఇవ్వక్కర్లేదు, నా నంబరు ఉన్న ఎవరైనా ఇవ్వగలరు. కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారంలో ఫేస్‌బుక్ చెప్పిన లెక్క ప్రకారం, వాడుకరుల సమాచారం లాగిన యాప్‌ను భారతదేశంలో దించుకున్నవారు 335 మంది. వాళ్ల మిత్రులతో కలిపి సమాచారం బయటికి పోయే అవకాశం ఉన్నవారు 5.62 లక్షలు. హైదరాబాద్ పోలీసులు 2020 చివర్లో బయటపెట్టిన లోన్ యాప్‌ల దందా నడిచిందీ ఈ దారిలోనే. అప్పు కోసం ఒకరు ‘అనుమతించు’ అని నొక్కితే కాంటాక్టుల జాబితా మొత్తం యాప్ చేతికి చిక్కింది, బంధువులకూ తోటి ఉద్యోగులకూ బెదిరింపులు వెళ్లాయి. అవమానం భరించలేక ప్రాణాలు తీసుకున్నవారున్నారు. డిజిటల్ రుణ యాప్‌లు కాంటాక్టులు, ఫోటోలు, కాల్ వివరాల జోలికి పోకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022 సెప్టెంబరులో ఆదేశించింది. ఆ ఆదేశం విలువ ఇక్కడుంది: మెరుగైన సమ్మతి పత్రం కోరకుండా, సమ్మతి ఉన్నా తీసుకోకూడదని గీత గీసింది.

అలాంటి గీతకు మన న్యాయచరిత్రలో పునాదులు లేకపోలేదు, వాటిలో రెండు తెలుగు నేలతో ముడిపడ్డవే. పోలీసు నిఘాపై వచ్చిన ఖరక్ సింగ్ కేసులో 1962లో సుప్రీంకోర్టు మెజారిటీ న్యాయమూర్తులు గోప్యతకు రాజ్యాంగంలో చోటు లేదంటే, రాజమండ్రి మనిషి జస్టిస్ కోకా సుబ్బారావు ఒప్పుకోలేదు. వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత అంతర్భాగమేనని, నిఘా మనిషి మనసునే కట్టిపడేస్తుందని భిన్నమైన తీర్పు రాశాడు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఆ వాదం పక్షాన నిలిచారు. రెండోది 2004 నాటి హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్, కెనరా బ్యాంక్ కేసు. బ్యాంకుల్లో ఉన్న పత్రాలను తనిఖీ చేయడానికి స్టాంపుల చట్టంలో ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణను సుప్రీంకోర్టు కొట్టేసింది. పత్రం బ్యాంకు చేతిలో పెట్టినంత మాత్రాన ఖాతాదారు గోప్యత పోదన్నది. 1976 నాటి మిల్లర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు దీనికి విరుద్ధంగా చెప్పింది. మూడోవ్యక్తికి అప్పగించిన సమాచారంపై హక్కు మిగిలే ఉంటుందన్న సూత్రం సర్వర్ల కాలానికి ముందే మన దగ్గర ఉందన్నమాట. ఆ తీర్పు రాజ్యాన్ని ఉద్దేశించినది నిజమే, దాన్ని కంపెనీలకు వర్తింపజేసే పని మాత్రం అసంపూర్తిగా మిగిలింది.

ఆ పని ఎలా సాగుతోందంటే, ఆలస్యంగా. 2016 విధానంపై ఇద్దరు విద్యార్థులు వేసిన వ్యాజ్యంలో ఢిల్లీ హైకోర్టు పరిమిత ఊరటే ఇచ్చింది, గోప్యత ప్రాథమిక హక్కో కాదో అప్పటికి తేలలేదు మరి. 2021 విధానంపై అందరికంటే గట్టిగా అడుగు వేసినది గోప్యత కోసం పుట్టిన సంస్థ కాదు, కాంపిటీషన్ కమిషన్. ఆధిపత్యం ఉన్నవాడు ‘ఒప్పుకో, లేదా పో’ అనడం దుర్వినియోగమేనని 2024 నవంబరు 18న రూ. 213.14 కోట్ల జరిమానా వేసింది. ప్రకటనల కోసం సమాచారం పంచుకోవడాన్ని ఐదేళ్లు నిషేధించింది. 2025 నవంబరులో అప్పిలేట్ ట్రైబ్యునల్ జరిమానాను ఉంచి ఐదేళ్ల నిషేధాన్ని ఎత్తేసింది. కంపెనీని నిజంగా ఇబ్బంది పెట్టగలిగినది ఆ నిషేధమే.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మీద ఆశలు ఎక్కువే. భద్రతా చర్యల్లో విఫలమైతే రూ. 250 కోట్ల దాకా జరిమానా వేయవచ్చు. ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాకు పోతుంది. నిర్లక్ష్యం వల్ల నష్టపోయినవాడికి పరిహారం ఇప్పించే ఐటీ చట్టం 43ఎ సెక్షన్‌ను ఈ చట్టమే తొలగిస్తోంది. ప్రభుత్వం ఏ విభాగాన్నయినా మినహాయించే వీలు ఇందులో ఉంది. పైగా తప్పుడు ఫిర్యాదు చేసిన పౌరుడికి రూ. 10,000 దాకా జరిమానా. కాంటాక్టుల జాబితా లాగిన యాప్ వల్ల ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి ఈ చట్టం కింద ఏర్పడే బోర్డుకు ఫిర్యాదు చేయగలడు, గెలవనూ గలడు, ఒక్క రూపాయి పరిహారం మాత్రం అడగలేడు.