వంతెన కట్టినవారెవరు?

మా బహదూర్‌పురా నుంచి పురానాపూల్ మీదుగా వెళ్ళినప్పుడల్లా నాకొక ప్రశ్న తోస్తుంది. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా ఈ వంతెన కట్టించాడు. 1591లో మూసీ దక్షిణపుటొడ్డున హైదరాబాదు వెలిసింది. ప్రభువుల పేర్లు మనకు కంఠస్థం. రాళ్ళు మోసినవారి పేరొక్కటీ తెలియదు.

ఆ తరువాతి హైదరాబాదు రాజ్యంలో పరిశ్రమల చరిత్ర కూడా అంతే. 1874లో వాడి–సికిందరాబాదు రైలు, 1934లో వరంగల్లు ఆజంజాహీ మిల్లు, 1937లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నిజాముల దూరదృష్టి ఫలితాలని చదువుకున్నాం. కాని ఆనాటి ఖజానాకు ప్రధానాధారం భూమిశిస్తు. ప్రభుత్వం పెట్టిన సొమ్ము చాలావరకు రైతు చెల్లించినదే. కీర్తి ప్రభువుకు దక్కింది. ఆజంజాహీ మిల్లు మూతపడ్డాక వీధిన పడ్డది కార్మికుడు. ఈ లెక్క చేరనంతవరకు మన చరిత్ర సగమే.