సోలార్ పార్కు మన జిల్లాలోనే.. మరి ఇంటి కరెంటు బిల్లు ఎందుకు తగ్గట్లేదు? పూర్తి వివరాలివే!

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం.. ఈ మూడు ఊళ్లలో ఎండకు కొదవ లేదు. ఇదే శ్రీసత్యసాయి జిల్లాలో, కదిరి వైపున్న ఎన్పీకుంటలో భారీ సోలార్ పార్కు ఉంది. అక్కడి ఎన్టీపీసీ ప్లాంటు 2016లోనే ఉత్పత్తి మొదలుపెట్టింది. రామగిరి కొండలపై అయితే 1990లలోనే గాలిమరలు తిరిగాయి. అయినా మన ఇంటి బిల్లు తగ్గట్లేదు. ఎందుకిలా?

పార్కు కరెంటు ఎటు పోతోంది?
పార్కులో తయారైన కరెంటు నేరుగా పక్క ఊరికి రాదు. హైటెన్షన్ లైన్ల ద్వారా గ్రిడ్‌లో కలుస్తుంది. అక్కడి నుంచి డిస్కంలు కొని ఇళ్లకు ఇస్తాయి. అందుకే ఎన్పీకుంటలో ఉన్నా, విజయవాడలో ఉన్నా ఇంటి టారిఫ్ ఒక్కటే. బిల్లు తగ్గాలంటే కరెంటు మన మిద్దె మీదే తయారవ్వాలి.

సబ్సిడీ ఎంత?
2024 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన పీఎం సూర్యఘర్ పథకం ఇందుకే. 1 కిలోవాట్‌కు రూ.30 వేలు, 2 కిలోవాట్లకు రూ.60 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన ఎంత పెట్టుకున్నా రూ.78 వేలు సబ్సిడీ. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 2 కిలోవాట్ల వరకు ఉచితంగా, బీసీలకు అదనంగా రూ.20 వేల వరకు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది.

ఎంత కరెంటు వస్తుంది?
1 కిలోవాట్‌కు నీడ పడని 100 చదరపు అడుగుల చోటు కావాలి. రోజుకు సుమారు 4 యూనిట్లు, అంటే నెలకు 120 యూనిట్ల దాకా వస్తాయి. మనం వాడుకోగా మిగిలింది నెట్ మీటర్ ద్వారా గ్రిడ్‌కు వెళ్తుంది. రాత్రి మనం తీసుకున్న కరెంటులో అది సర్దుబాటు అవుతుంది.

ఇది మర్చిపోవద్దు!
మిద్దె మీద సోలార్ ఉంది కాబట్టి ఇక కరెంటు పోదు అనుకుంటే పొరపాటే. బ్యాటరీ లేని సిస్టమ్ గ్రిడ్ సప్లై ఆగగానే తనూ ఆగిపోతుంది. లైన్‌పై పనిచేసే సిబ్బందికి షాక్ కొట్టకుండా ఈ ఏర్పాటు ఉంటుంది.

ఎవరికి అందట్లేదు?
సొంత ఇల్లు, పలకలు పెట్టే పైకప్పు, కరెంటు కనెక్షన్ ఉంటేనే ఈ సబ్సిడీ. ధర్మవరంలో అద్దె ఇంట్లో మగ్గం వేసుకున్న నేతన్న, హిందూపురంలో అద్దె గదిలో ఉండే ఫ్యాక్టరీ కార్మికుడు దరఖాస్తు చేసుకోవడం కష్టం. పైగా సబ్సిడీ డబ్బు పలకలు బిగించాకే బ్యాంకు ఖాతాలో పడుతుంది. ముందు పెట్టుబడి లేనివాళ్లకు అప్పే దారి. 3 కిలోవాట్ల వరకు ప్రభుత్వ బ్యాంకులు తాకట్టు లేకుండా రుణం ఇస్తున్నాయి.

2023 నాటికి ప్రపంచంలో 66 కోట్ల మందికి పైగా కరెంటు లేదు. 2030 కల్లా అందరికీ భరించగలిగే క్లీన్ ఎనర్జీ అందించాలన్నది ఐక్యరాజ్యసమితి లక్ష్యం. మన దగ్గర తీగ ఇంటిదాకా వచ్చింది. ఇక అద్దె ఇంటికి కూడా ఆ ఎండ లాభం అందడమే మిగిలింది.

దరఖాస్తు పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో చేసుకోవాలి. బిల్లుపై ఉన్న సర్వీస్ నంబర్ దగ్గర పెట్టుకోండి. సర్వీస్ ఇంకా తాత పేరు మీదే ఉంటే ముందు పేరు మార్పించుకోవడం మంచిది. సందేహాలుంటే ఏపీఎస్పీడీసీఎల్ హెల్ప్‌లైన్ 1912కు ఫోన్ చేయొచ్చు.