పసుపు పైకము, పట్నపు బస: ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహముల చరిత్రపై ఒక పరిశీలన

ఆర్మూరు ప్రాంతమున పసుపు పంట తొమ్మిది నెలలు నేలలోనుండి, మాఘ ఫాల్గుణములలో త్రవ్వబడి, పెద్ద పాత్రలలో ఉడికి, కళ్ళములమీద రెండు వారములు ఎండి, మెరుగు పట్టింపబడి, కొమ్ములు వేరు దుంపలు వేరుగా సంచులకెక్కి, నిజామాబాదు మార్కెట్టున పైకముగా మారునప్పటికి ఎండలు ముదిరియుండును. ఆ పైకము మూటగట్టిన కొద్ది దినములకే మృగశిర కార్తె ప్రవేశించును. ఎకరమునకు ఎనిమిది పది క్వింటాళ్ళ విత్తనపు దుంప సిద్ధపరుపవలసిన పనియు, పట్నమున చదువు కుమారునకు ఫీజును భోజనవ్యయమును చెల్లింపవలసిన పనియు ఒక్క పక్షములోనే వచ్చిపడును. విత్తనమా, విద్యయా యను ఈ మీమాంస ఈ సీమ రైతు కుటుంబములకు క్రొత్తది గాదు. తెలంగాణమున పట్నమనగా హైదరాబాదే. పట్నపు చదువనగా చాలకాలము ఉస్మానియా చదువే. అయితే పల్లెనుండి పోయిన బాలునకు ఆ చదువు తరగతి గదితో ఆరంభము కాలేదు, బసతో ఆరంభమైనది. ఎక్కడ పండుకొనవలెను, ఎవరి పంక్తిని తినవలెను, ఏ భాషలో ఉప్పు అడుగవలెను అను ప్రశ్నలకు సమాధానము దొరకిన పిమ్మటనే పుస్తకము తెరచుకొనెడిది. విశ్వవిద్యాలయ చరిత్రలను వ్రాసినవారు గోపురములను, పట్టభద్రులను, ఉపాధ్యక్షులను గూర్చి విస్తరించినంతగా ఈ బసను గూర్చి విస్తరింపరైరి. ఆ విద్యాపీఠము తన స్థాపకులు తలపని దిక్కునకు తిరిగిన మలుపు భోజనశాలయందును ప్రార్థనామందిరమునందును వచ్చినది గనుక, ఆ లోపము చిన్నది గాదని నా అభిప్రాయము.

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములయందు వెలసిన విశ్వవిద్యాలయములు పరీక్షలు జరిపి పట్టములిచ్చు కార్యాలయములేగాని విద్యార్థులను తమ కప్పు క్రింద నుంచుకొన్న గృహములు కావు. హైదరాబాదు నందలి నిజాం కళాశాల సైతము 1947 వరకు మద్రాసు విశ్వవిద్యాలయమునకే అనుబంధమై యుండెను. అనగా పాఠము మూసీ యొడ్డున, పరీక్ష కూవం యొడ్డున. ఇరువదవ శతాబ్దపు రెండవ దశకమున ఈ పద్ధతిపై అసంతృప్తి దేశమంతట ప్రబలినది. 1916లో కాశీ హిందూ విశ్వవిద్యాలయము ఏర్పడెను. 1917లో నియమింపబడిన సాడ్లరు సంఘము గురుశిష్యులు ఒక్కచోట నివసించి విద్యాభ్యాసము చేయు ఆవాస విశ్వవిద్యాలయములనే వాంఛించెను. హైదరాబాదు ప్రభుత్వాధికారి అక్బరు హైదరీ విజ్ఞాపన ననుసరించి 1917 ఏప్రిలు 26న నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ వెలువరించిన ఫర్మానా ఈ గాలి వీచుచున్న కాలముననే పుట్టినది. అందలి నూతనత్వము దేశభాష యగు ఉర్దూను ఉన్నతవిద్యకు బోధనభాషగా చేయుట. తన్నిమిత్తమై దారుత్తర్జుమా యను అనువాద శాఖ యొకటి నెలకొల్పబడి, గణితము మొదలు వైద్యము వరకు గ్రంథములను ఉర్దూలోనికి తెచ్చినది. కాని రాజ్యమందలి ప్రజలలో దాదాపు సగముమంది తెలుగువారు. దేశభాష యను పేర ఏర్పడిన బోధనభాష ఆర్మూరు బాలునకు ఇంగ్లీషు వలెనే పరభాష యగుట యొక విచిత్రము. పరభాష యైనను అది బజారులో, కచేరీలో, పోలీసు ఠాణాలో నిత్యము వినవచ్చినది గనుక ఇంగ్లీషంత దూరము గాకుండుట మరియొక విచిత్రము.

1919లో నిజాం కళాశాల చేరువ, బషీర్‌బాగ్ పరిసరముల తాత్కాలిక భవనములలో 225 మంది విద్యార్థులతో, 25 మంది అధ్యాపకులతో తరగతులు మొదలైనవి. స్థిరస్థలము నిర్ణయించుటకు నగరనిర్మాణ శాస్త్రవేత్త పాట్రిక్ గెడ్డెస్ ప్రదేశములను పరిశీలించి 1923లో నివేదిక సమర్పించెను. అడిక్‌మెట్ రాతినేలపై బెల్జియం దేశస్థుడగు జాస్పరు రచించిన నమూనా ననుసరించి 1934 జూలై 5న శంకుస్థాపన జరిగెను. జాస్పరు వెడలిపోయిన పిమ్మట జైన్ యార్ జంగ్ పర్యవేక్షణమున పని సాగి, 1939 డిసెంబరు 4న ఆర్ట్సు కళాశాల భవనము ప్రారంభమయ్యెను. ఆ భవనపు కమానులను గూర్చి ఎందరో వ్రాసిరి, నేను వ్రాయను. నా దృష్టికి ముఖ్యమైనది దాని చుట్టునుండిన ఖాళీనేల. నగరమునకు వెలుపల, గుట్టల నడుమ, విద్యార్థి నడిచిపోయి తిరిగి రాదగినంత చేరువ ఇల్లన్నది లేనిచోట విద్యాపీఠమును నిలుపుటయే వసతిగృహమును అనివార్య మొనర్చినది. ఉర్దూలో దానిని ఇఖామత్‌ఖానా యందురు, నివాసగృహమని యర్థము. ఆక్సుఫర్డు కేంబ్రిడ్జిలలో వలె ఇచటి వసతిగృహము సొంత ఆస్తి, సొంత ఆచార్యవర్గము గల స్వతంత్ర కళాశాల గాదు. విశ్వవిద్యాలయాధికారమునకు లోబడిన బస మాత్రమే. ఈ భేదము ముందు రాబోవు కథకు కీలకము.

దీనికి సమాంతరముగా నగరమున మరియొక విధమైన బస పెరుగుచుండెను. 1918లోనే, తరువాత నగర కొత్వాలుగా ప్రసిద్ధికెక్కిన రాజబహదూర్ వెంకట్రామారెడ్డి యత్నమున రెడ్డి వసతిగృహము స్థాపితమైనది. కులము పేరున పుట్టిన సంస్థ యని ఈనాటి పాఠకుడు ముఖము చిట్లింపవచ్చును. చిట్లించుట అన్యాయమనియు చెప్పజాలను. అయినను ప్రభుత్వ మిచ్చు బసలో చోటు దొరకని పల్లె బాలురకు ఆనాడు అన్నముతో పాటు అక్షరము నిచ్చినది అట్టి గృహములే. సురవరం ప్రతాపరెడ్డి ఆ వసతిగృహ నిర్వహణభారము వహించిన కాలముననే, 1926లో, గోలకొండ పత్రిక వెలువడ నారంభించుట నేను కాకతాళీయముగా భావింపను. తరగతిలో ఉర్దూ వినిన చెవికి సాయంకాలము గ్రంథాలయమున తెలుగు పత్రిక దొరకవలె నన్న ఆవశ్యకత ఎట్టిదో, వందల బాలుర నడుమ నిత్యము మసలిన నిర్వాహకునకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. కమ్యూనిస్టు నాయకుడుగా పేరొందిన రావి నారాయణరెడ్డియు ఆ బసలో నివసించినవాడే. విశ్వవిద్యాలయమున తెలుగు శాఖకు తొలి ఆచార్యుడు రాయప్రోలు సుబ్బారావు. తెలుగు ఒక పాఠ్యవిషయముగా నుండెను, బోధనభాషగా లేదు. తరగతి యీయలేని స్థానమును బస యిచ్చినది. ఉర్దూ మాధ్యమమున చదివిన సి. నారాయణరెడ్డి 1988లో తెలుగు కవిగా జ్ఞానపీఠ పురస్కారము నందుట ఈ ద్విభాషా జీవనమునకు దూరఫలమని చెప్పుట అతిశయోక్తి కానేరదు.

ఇక 1938వ సంవత్సరము. అంతకు ముందేడు మందుముల నరసింగరావు అధ్యక్షతన నిజామాబాదులో ఆరవ ఆంధ్రమహాసభ జరిగియున్నది గనుక, మన జిల్లా విద్యార్థులకు సభ యననేమో, తీర్మానమననేమో తెలియనిది గాదు. 1938 అక్టోబరులో హైదరాబాదు స్టేటు కాంగ్రెసు సత్యాగ్రహ మారంభమైనది. నవంబరులో ఉస్మానియా వసతిగృహముల ప్రార్థనాగదులలో హిందూ విద్యార్థులు వందేమాతర గీతమును పాడుచుండగా అధికారులు నిషేధించిరి. గీతము మతప్రార్థన కాదు, రాజకీయమని అధికారుల వాదము. ప్రార్థనలో ఏది పాడుకొనవలెనో నిర్ణయించుకొనువారము మేమే యని విద్యార్థుల వాదము. నిషేధమును వీరు ధిక్కరించిరి, బసనుండి వెడలగొట్టబడిరి, క్షమాపణ చెప్ప నిరాకరించి తరగతులనుండియు బహిష్కృతులైరి. సమ్మె ఇతర పట్టణముల కళాశాలలకును ప్రాకెను. వందల కొలది విద్యార్థులు చదువు కోల్పోగా, నాగపూరు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడు టి.జె. కేదారు తన విద్యాపీఠపు తలుపులు వారికై తెరచెను. ఆ ఉద్యమమున పాల్గొని హైదరాబాదు రాజ్యము వెలుపల చదువు పూర్తిచేసిన వారిలో పి.వి. నరసింహారావు ఒకడు.

ఈ ఘట్టమును జాతీయోద్యమ చరిత్రలో ఒక అధ్యాయముగా అందరును చెప్పుదురు, అది సత్యమే. కాని ఆ తగవు తరగతిలో పుట్టలేదు, వీథిలోను పుట్టలేదు, ప్రత్యేకించి బసలో పుట్టినది. దీనికి కారణము విచారింపదగును. తరగతి గది ప్రభుత్వమువారిది; అచట షేర్వానీ ధరించి ఉర్దూలో సమాధానము చెప్పుటకు విద్యార్థి మారుమాట లేక అంగీకరించెను. వీథి పోలీసువారిది, అచట నోరు మెదపుట కారాగారమునకు దారి. మూడవది యగు ఈ గృహము ఎవరిది? నెల నెల భోజనవ్యయము చెల్లించుచు, షేర్వానీ విడిచి ధోవతి గట్టి, తనవారితో పంక్తిని కూర్చుండు విద్యార్థి దీనిని తన యిల్లని భావించెను. గోడలు కట్టించి, వార్డెనును నియమించి, ప్రవేశపత్రము నిచ్చిన అధికారి తన కార్యాలయమని భావించెను. కాశీ యందైనను, అలీగఢు నందైనను స్థాపకుల మతము, సంస్థ పేరు, ప్రార్థనారీతి ఒక్కటియే యగుటచే ఇట్టి సందేహమునకు తావు తక్కువ. ఇచటనో, రాజు మతము వేరు, బోధనభాష వేరు, బసలో నున్నవారి ఇంటిభాషలు మూడు నాలుగు. ఆవాస విద్య శీలనిర్మాణము చేయునని సాడ్లరు కాలపు విద్యావేత్తలు చెప్పినది నిజమే యైనది, అయితే ఆ శీలమును బాలురు తమలో తామే నిర్మించుకొనిరి.

శిక్షయొక్క స్వరూపమును గమనించినను ఈ విషయమే తేటపడును. నగరవాసి విద్యార్థిని బహిష్కరించిన అతడు తన యింటికి పోవును, రెండు వీథులవతల తల్లి వడ్డించును. ఆర్మూరు వంటి ఊరి బాలుని బసనుండి వెడలగొట్టుట యనగా ఆ రాత్రికి కప్పు లేకుండ చేయుట. మన్మాడు మార్గపు చిన్న రైలున నిజామాబాదు చేరి, అచటినుండి పాతిక కిలోమీటర్లు బండిలోనో కాలినడకనో ఊరు చేరవలెను. మన ఆర్మూరునకు రైలు వచ్చినది 2017లో గదా! తండ్రి ఎదుట నిలిచి, పసుపమ్మిన పైకము ఏమైనదని అడిగిన సమాధాన మీయవలెను. ఈ దృష్టితో చూచినప్పుడు క్షమాపణపత్రముపై సంతకము చేయక నాగపూరు బండి యెక్కినవారి ధైర్యమునకు నగరవాసుల ధైర్యముకంటె ఒక పాలు ఎక్కువ మూల్యము కట్టవలసియున్నది.

స్త్రీవిద్య సంగతి వేరుగా వ్రాయదగినంత విస్తృతము. 1924లో ఏర్పడిన మహిళా కళాశాల 1949లో కోఠీ రెసిడెన్సీ భవనమునకు మారెనని, ఒకప్పుడు బ్రిటిషు ప్రతినిధి కొలువుదీరిన ఆ మందిరమున ఆడపిల్లలు పాఠములు వల్లించిరని మాత్రము చెప్పి విడిచెదను.

1948 పోలీసు చర్య పిమ్మట ఉర్దూ తొలగి ఇంగ్లీషు బోధనభాష యయ్యెను. విలీనము, రాష్ట్రావతరణము, 1969 తెలంగాణ ఉద్యమము, 2009 తెలంగాణ ఉద్యమము ఒకదాని వెనుక నొకటి వచ్చినవి. ప్రతి పర్యాయమును మొదట మూతపడినది, చివర తెరువబడినది వసతిగృహమే. మెస్సు మూయించుట ప్రభుత్వములకు అందివచ్చిన ఆయుధము, లాఠీకంటె నిశ్శబ్దమైనది. ఈ కాలముననే బసయందు ఒక వింత పౌరసత్వము స్థిరపడినది. పేరు పట్టికలో లేక, మిత్రుని గదిలో చాప పరచుకొని, అతని పళ్ళెములోనే పంచుకొని, ఏండ్ల తరబడి ఉద్యోగ పరీక్షలకు చదువు యువకుని నాన్‌బోర్డరని పిలుతురు. నియమము ప్రకార మతడు చొరబాటుదారు. ఆచారము ప్రకార మతడు బంధువు. అతని కొరకు తలుపు గడియ తీసియుంచని గది, సంక్రాంతి సెలవుల పిమ్మట సకినాల డబ్బా తెచ్చి తానొక్కడే తిను గదివలె, నలుగురిలో చులుకనయగును. అధికారులు పలుమారు తనిఖీలు జరిపినను ఈ వ్యవస్థ చెక్కుచెదరకుండుటకు హేతువు నాకు స్పష్టమే: పట్నమున అద్దె భరింపలేని పల్లె యింకను మిగిలియున్నది.

2006లో తెలంగాణ విశ్వవిద్యాలయ మేర్పడి, డిచ్‌పల్లి వద్ద జాతీయ రహదారి ప్రక్కన నెలకొన్న తరువాత మన ప్రాంతపు విద్యార్థికి పట్నము తప్పనిసరి కాకపోయెను. 2016లో సాంఘిక సంక్షేమ గురుకుల సంస్థ బాలికల కొరకు తెరచిన ఆవాస డిగ్రీ కళాశాలలు, అంతవరకు పదవ తరగతితోనో ఇంటరుతోనో చదువు నిలిచిపోవు కుటుంబములకు మరియొక మెట్టు నందించినవి. ఉస్మానియాకు పోయిన తాత పంట త్రవ్వు మాసములలో ఊరు చూచి యెరుగడు. అతని వంతు పని అన్నదమ్ములు చేసెడివారు, ఆ ఋణము అతని పేర వ్రాయని పద్దుగా కుటుంబమున నిలిచిపోయెడిది. డిచ్‌పల్లి విద్యార్థికి ఆ సౌకర్యము లేదు. శనివారపు సాయంకాలము బస్సెక్కి, చీకటిపడక ముందే కళ్ళము చేరి, ఆ రాత్రియు మరునాడును పసుపు ఉడికించు పొయ్యిచెంత పనిచేసి, సోమవారము ఉదయము తరగతిలో కలము పట్టునప్పటికి అతని గోళ్ళసందులలో పచ్చదన మింకను పోకుండును, నోటుపుస్తకపు అంచునకు అంటుచుండును.