ఎరుపుకి అవతల

మొన్న ఆదివారం నేను ఇస్త్రీ చేస్తూంటే, పదో తరగతి చదివే మా అమ్మాయి పక్కన కూర్చుని సైన్సు పాఠం వల్లె వేస్తోంది. "కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు..." నానోమీటరంటే మీటరులో వంద కోట్లవ వంతుట! నేనేమో చరిత్రతో బి.ఏ. చదివినదాన్ని. అంకెలు ఓ పట్టాన బుర్రకెక్కవు.

"అంతేనా? దానికి ఇవతలా అవతలా ఏమీ లేదా?" అన్నాను.

"బోలెడుందమ్మా! మనకి కనబడదంతే. ఆ పెట్టె దగ్గర చెయ్యి పెట్టు, నీకే తెలుస్తుంది."

నిలబెట్టిన ఇస్త్రీ పెట్టెకి బెత్తెడు దూరంలో అరచెయ్యి పెట్టాను. వెచ్చగా తగిలింది. పెట్టె ఎర్రబడనూ లేదు, వెలగనూ లేదు. మరి ఈ వేడి ఏ దారిన వచ్చినట్టు?

ఆ దారి 1800లో దొరికింది. చూపించినాయన విలియం హెర్షెల్. జర్మనీలోని హానోవర్‌లో పుట్టి, ఇంగ్లండులో స్థిరపడ్డాడు. మొదట సంగీతం మేష్టారు. రాత్రిళ్లు చుక్కలు చూసే పిచ్చి. ఆ పిచ్చితోనే 1781లో యురేనస్ గ్రహాన్ని కనిపెట్టాడు. సూర్యుణ్ణి చూడటానికి దుర్భిణికి రంగు గాజులు అడ్డం పెట్టుకునేవాడు. కొన్ని గాజుల్లోంచి వెలుతురు తక్కువొచ్చినా వేడి చురుక్కుమనేది. కొన్నింట్లో వెలుతురు బాగానే ఉన్నా వేడి అంతగా తెలిసేది కాదు. రంగుకో వేడి ఉంటుందా అని ఆయనకు అనుమానం వచ్చింది.

గాజు పట్టకంతో ఎండని రంగులుగా విడదీసి బల్లమీద పడేట్టు చేశాడు. బల్బులకి నల్లరంగు పూసిన థర్మామీటర్లు తెచ్చి, ఒకటి రంగులోనూ, మిగతావి పోల్చి చూసుకోవడానికి వెలుగు పడనిచోటా పెట్టాడు. ఫారన్‌హీట్ లెక్కన ఊదాలో వేడి సుమారు 2 డిగ్రీలు పెరిగింది, ఆకుపచ్చలో 3 పైచిలుకు, ఎరుపులో ఇంచుమించు 7. అక్కడితో ఆగలేదు. ఎరుపు అంచు దాటించి, ఏ రంగూ లేనిచోట పెట్టి చూశాడు. అక్కడ వేడి ఇంకా ఎక్కువ! అరంగుళం అవతల అన్నిటికంటే ఎక్కువ.

ఆ కనబడని కిరణాలకే తర్వాత పరారుణ కిరణాలని పేరొచ్చింది. మరుసటేడు జర్మనీలో రిట్టర్ అనే ఆయన రెండో కొస వెతికాడు. ఊదాకి అవతల, చీకటిగా ఉన్నచోటే సిల్వర్ క్లోరైడ్ నల్లబడింది. అవి అతినీలలోహిత కిరణాలు. రేడియో తరంగాలూ, ఎక్స్ కిరణాలూ కూడా ఈ కుటుంబంలోవే అని తర్వాత తేలింది. అంత పెద్ద చీరలో మన కంటికి ఆనేది సన్నటి జరీ అంచంత!

ఇదంతా మా అమ్మాయి పుస్తకంలో ఉంది. లేనిదొకటి చెబుతాను.

హెర్షెల్‌కి కెరొలీన్ అని ఓ చెల్లెలు. చిన్నప్పుడు టైఫస్ జ్వరమొచ్చి నాలుగడుగుల మూడంగుళాల పైన మరి ఎదగలేదు. ఇంటిచాకిరీకి పనికొస్తే చాలనుకుంది తల్లి. ఆ పనికి వేరే మనిషిని పెట్టుకోమని డబ్బు ఏర్పాటు చేసి, 1772లో అన్న ఆమెను తనతో తీసుకెళ్లాడు. అద్దాలు సానపట్టేటప్పుడు గంటల తరబడి చెయ్యి తీయకూడదు; ఆయన నోట్లో ముద్దలు పెట్టింది ఆవిడే. రాత్రి ఆయన చూసి చెబుతుంటే రాసుకున్నదీ, వ్యాసాలకి శుద్ధప్రతులు తయారుచేసిందీ ఆవిడే. 1786లో తనే ఓ తోకచుక్కని కనిపెట్టింది. మరుసటేడు రాజుగారు ఏడాదికి 50 పౌన్ల జీతమిచ్చారు. 1828లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ బంగారు పతకమిచ్చింది. మూడేళ్లు చరిత్ర చదివాను గదా, ఆవిడ పేరు ఒక్కసారీ వినలేదు.

అంతెందుకు? నా మొదటి నవల రాసిన ఎనిమిది నెలలూ పొయ్యి దగ్గర నిలబడ్డది మా అత్తగారు. పుస్తకం అట్టమీద నా పేరొక్కటే ఉంది. ఆ వేడి నాకు తగులుతూనే ఉండేది. అయినా థర్మామీటరు అరంగుళం జరిపి చూడలేదు.

ఇస్త్రీ పెట్టె స్విచ్చి కట్టేసి లేచాను.

"ఎక్కడికమ్మా?"

"బామ్మకి కాఫీ కలపడానికి. ఆ తర్వాత నీ పాఠం ఆవిడకి కూడా చెబుదువుగాని."