కేస్ పోటీలు: కంపెనీ సమస్యకు విద్యార్థుల సమాధానం

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్‌ ఉక్కు నగరంలో కోహ్కా ఒక నివాస ప్రాంతం. కోహ్కా–కురుద్ రోడ్డులో ఇంజినీరింగ్, మేనేజ్‌మెంట్ విద్యను అందించే ప్రాంగణం ఉంది. 1959 ఫిబ్రవరిలో నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన భిలాయ్ ఉక్కు కర్మాగారమూ ఇదే నగరంలో ఉంది. ఉక్కు పనికి తరలివచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. ఇక్కడి ఎంబీఏ విద్యార్థికి పరిశ్రమ కనుచూపు మేరలోనే ఉంటుంది. అయినా పరీక్షలో వచ్చే ప్రశ్నకూ, పరిశ్రమలో ఎదురయ్యే సమస్యకూ మధ్య దూరం చాలా ఎక్కువ. ఆ దూరాన్ని తగ్గించే సాధనాలలో కేస్ పోటీ ఒకటి.

కేస్ అంటే ఏమిటి?

ఒక సంస్థ నిర్ణయం తీసుకోవలసిన పరిస్థితిని అంకెలతో, వివరాలతో వర్ణించే పత్రమే కేస్. అందులో సమాధానం ఉండదు. కొన్నిసార్లు అవసరమైన సమాచారమంతా కూడా ఉండదు. 1908లో ఏర్పడిన హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో ఈ బోధన పద్ధతి రూపుదిద్దుకుంది. ఒక పాదరక్షల కంపెనీపై 1921లో రాసిన పత్రాన్ని అక్కడి తొలి కేసుగా పేర్కొంటారు. 1961లో నెలకొన్న అహ్మదాబాద్ ఐఐఎం హార్వర్డ్ సహకారంతో ఈ పద్ధతిని మన దేశంలో బలంగా నాటింది. హైదరాబాద్‌లోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌ కూడా భారతీయ సంస్థలపై కేసులు రాయిస్తోంది.

తరగతిలో జరిగే ఈ చర్చే తర్వాత పోటీగా మారింది. కెనడాలోని మాంట్రియల్‌లో కాంకోర్డియా విశ్వవిద్యాలయం 1980ల ఆరంభం నుంచి నిర్వహిస్తున్న అంతర్జాతీయ ఎంబీఏ పోటీ వీటిలో ప్రసిద్ధమైనది. భారత్‌లో హిందుస్థాన్ యూనిలీవర్, మహీంద్రా, టాటా స్టీల్ వంటి సంస్థలు తమ వ్యాపార సమస్యలనే విద్యార్థుల ముందు ఉంచుతున్నాయి. ఉద్యోగులకూ ఇలాంటి పోటీలు ఉన్నాయి. భిలాయ్ కర్మాగారాన్ని నడుపుతున్న సెయిల్, తన యువ మేనేజర్ల జట్లకు చైర్మన్ ట్రోఫీ పేరిట పోటీ నిర్వహిస్తుంది.

పోటీ ఎలా సాగుతుంది?

సాధారణంగా ముగ్గురు లేదా నలుగురు విద్యార్థులు ఒక జట్టుగా ఏర్పడతారు. తొలి దశలో కొద్ది పేజీల సారాంశాన్ని ఆన్‌లైన్‌లో పంపుతారు. ఎంపికైన జట్లు తుది దశలో కంపెనీ అధికారుల ఎదుట తమ పరిష్కారాన్ని వివరిస్తాయి. కొన్ని పోటీలలో వారాల గడువు ఉంటుంది. మరికొన్నింటిలో కేసు చేతికిచ్చి, గదిలో కూర్చోబెట్టి, కొన్ని గంటలే ఇస్తారు. ప్రసంగం తర్వాత వచ్చే ప్రశ్నలే చాలాసార్లు ఫలితాన్ని తేలుస్తాయి.

ఒక ఉదాహరణ

భిలాయ్ వంటి పారిశ్రామిక పట్టణానికి సరిపోయే ఒక ఊహాత్మక కేసును చూద్దాం. ఒక చిన్న ఫౌండ్రీ పెద్ద కర్మాగారానికి విడిభాగాలు సరఫరా చేస్తుంది. దాని ఏడాది అమ్మకాలు రూ.3.65 కోట్లు, అంటే రోజుకు లక్ష రూపాయలు. గతంలో 45 రోజులకు వచ్చే సొమ్ము ఇప్పుడు 90 రోజులకు వస్తోంది. యజమాని ఏం చేయాలి?

లెక్క తేలికే. అదనంగా 45 రోజుల అమ్మకాల సొమ్ము, అంటే రూ.45 లక్షలు బకాయిల్లో చిక్కుకుంది. ఆ లోటును 12 శాతం వడ్డీకి అప్పు తెచ్చి పూడ్చుకుంటే ఏడాదికి రూ.5.40 లక్షల భారం పడుతుంది. ఈ వడ్డీకి ముందు లాభం అమ్మకాలలో 5 శాతమే అనుకుంటే, అందులో దాదాపు 30 శాతం వడ్డీకే పోతుంది.

సాధారణ జట్టు ఇక్కడ ఆగి, మరింత రుణం తీసుకోవాలని సూచిస్తుంది. కొంత చదివిన జట్టు చట్టాన్ని ప్రస్తావిస్తుంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం ప్రకారం, సరుకును ఆమోదించిన నాటి నుంచి 45 రోజులకు మించి చెల్లింపు గడువు పెట్టుకోరాదు. రిజర్వు బ్యాంకు అనుమతితో నడిచే ట్రెడ్స్ వేదికలపై బిల్లులను ముందే నగదుగా మార్చుకోవచ్చని కూడా ఆ జట్టు చెబుతుంది.

అప్పుడు న్యాయనిర్ణేత వేసే ప్రశ్న ఒక్కటే: కొనుగోలుదారు బిల్లును ఆమోదించకపోతే దానిని ట్రెడ్స్‌లో ఎలా పెడతారు? ఆలస్యం ఎక్కడ జరుగుతోందో తెలుసుకున్న జట్టు మాత్రమే దీనికి బదులివ్వగలదు. జాప్యం చెల్లింపులోనే ఉంటే ట్రెడ్స్ ఉపకరిస్తుంది. సరుకు తనిఖీలోనో, ఫౌండ్రీ పంపే కాగితాల లోపాలలోనో ఉంటే ముందు దానినే సరిదిద్దాలి. కొనుగోలుదారుపై ఫిర్యాదు చేస్తే తదుపరి ఆర్డరు దక్కుతుందా అన్నది ఆ తర్వాతి ప్రశ్న. చట్టం ఇచ్చిన హక్కును వాడుకునే ధైర్యం చిన్న సరఫరాదారుకు ఉందా అన్నది కూడా కేసులో భాగమే.

ఎవరికి ఏ ప్రయోజనం?

విద్యార్థికి బహుమతి కన్నా ఉద్యోగావకాశం ముఖ్యం. అనేక పోటీలలో విజేతలకు ప్లేస్‌మెంట్ సీజన్‌కు ముందే ఇంటర్వ్యూ అవకాశం లభిస్తుంది. కంపెనీకి కొత్త ఆలోచనలు అందుతాయి. రేపటి ఉద్యోగులు ఒత్తిడిలో ఎలా ఆలోచిస్తారో కళ్లారా చూసే వీలు కలుగుతుంది.

అయితే ఈ తలుపు అందరికీ ఒకేలా తెరుచుకోదు. కొన్ని పోటీలు ఎంపిక చేసిన విద్యాసంస్థలకే పరిమితం. అందరికీ ప్రవేశం ఉన్న పోటీలలో కూడా అనుభవజ్ఞులైన సీనియర్లు, తర్ఫీదు ఇచ్చే అధ్యాపకులు ఉన్న పెద్ద సంస్థల జట్లకు సహజంగానే మొగ్గు ఉంటుంది. మరో అంశం ఆలోచనల యాజమాన్యం. సమర్పించిన పరిష్కారంపై హక్కులు నిర్వాహకులకే చెందుతాయని కొన్ని పోటీల నిబంధనలు చెబుతాయి. పేరు నమోదు చేసుకునే ముందే వాటిని చదవడం అవసరం.

ఇంటి ముంగిటి కేసులు

చిన్న పట్టణాల కళాశాలలకు ఉన్న బలం పరిశ్రమ సామీప్యం. భిలాయ్‌లోనైనా, విశాఖ ఉక్కు కర్మాగారం ఉన్న గాజువాక పరిసరాలలోనైనా, ఒక ఫౌండ్రీనో రవాణా సంస్థనో అనుమతితో పరిశీలించి, పేరు చెప్పకుండా కేసు రాయవచ్చు. దానిపై కళాశాల స్థాయిలోనే పోటీ పెట్టి, ఆ యజమానినే న్యాయనిర్ణేతగా పిలవవచ్చు. ఇందుకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. పరిష్కారం పనికివస్తుందో లేదో మరుసటి నెల బిల్లులు వసూలైన తేదీలే చెబుతాయి.